సభలో అంతరాయం

అయిదో బీరువా తెరిచేసరికి రూప్లికి మళ్లీ తుమ్ములు మొదలయ్యాయి. చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పై అరలోంచి రెండు సంపుటాలు దించింది. నేల మీద పరిచిన పాత దుప్పటి మీద వాటిని పెట్టి తడిగుడ్డతో అట్టలు తుడిచింది. లోక్‌సభ చర్చలు. పురుగు తొలిచిన చోటల్లా సన్నటి పొడి రాలింది.

వైరాలోని ఆ ఇంట్లో ఈ వసారా గదికి ఎవరూ రారు. వెంకటరామారావు పార్లమెంటు సభ్యుడుగా ఉన్న కాలంలో ఢిల్లీ నుంచి వచ్చిన సంపుటాలన్నీ ఇక్కడే పడి ఉన్నాయి. కొన్నిటికి చుట్టిన కాగితం కూడా విప్పలేదు. ఆయన పోయి వచ్చే నెలకు ఏడాదవుతుంది. ఆ రోజుకు ఆయన ప్రసంగాలతో పుస్తకం తేవాలని కూతురు ప్రమీలారాణి పట్టుపట్టింది. ఇంగ్లీషులో ఉన్నవి చదివి, కావలసినవి తెలుగులో రాసిపెట్టే పని రూప్లికి అప్పగించింది. జూన్‌లో తాను తెరవబోయే ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం కూడా రూప్లికేనని అందరితో చెప్పింది.

రూప్లి ముందు పేజీల్లో పేర్ల పట్టిక తీస్తుంది. వేలు పైనుంచి కిందికి జారుతుంది. ఆయన పేరుంటే కాలమ్ నంబరు పట్టుకుని లోపలికి వెళుతుంది. లేకపోతే మూసి ఎడమ పక్కన పెడుతుంది. ఎడమ పక్క దొంతర నడుముదాకా పెరిగింది. ఆయన పేరుండి కుడి పక్కన పెట్టినవాటిని ఒక్క చేత్తో ఎత్తవచ్చు.

కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. రూప్లి లేచి కిటికీ తలుపులు బార్లా తీసింది. కూర్చుంది. మళ్లీ లేచింది. పొద్దుటినుంచి ఆమెకు ఒకచోట కాలు నిలవడం లేదు.

ప్రమీలారాణి విసనకర్రతో లోపలికి వచ్చింది. "దొరికిందా?"

"లేదు మేడమ్. మిర్చి ధర మీద ఉంది. పొగాకు పన్ను మీద ఉంది. కాలువ నీళ్ల మీద ఉంది. బడుల గురించి ఒక్కసారి లేచిండ్రు గానీ, రెండు మాటలు కాంగనే టైమైందని గంట కొట్టి కూసోబెట్టిండ్రు."

"బాగా చూడు రూప్లీ. ఇప్పలగుట్ట తండా పేరు నిండు సభలో చెప్పానని నాన్నగారు నాతో ఎన్నిసార్లు అన్నారో. ఆ అధ్యాయానికి పేరు కూడా పెట్టేశాను, తండాలో తొలి దీపం అని. ప్రెస్సువాళ్లు ఆ పేజీలు ఖాళీగా ఉంచి మిగతావి కూరుస్తున్నారు."

ఇప్పలగుట్ట తండా రూప్లిది. ఆ తండాలో కూడా అందరిదీ అదే మాట. మన తండా పేరు ఢిల్లీలో చదివిండట, అందుకే బడి వచ్చిందట. రూప్లి ఆ బడిలోనే అక్షరాలు దిద్దింది. ఆయన మాట అచ్చులో తన చేతికి దొరికితే ఎలా ఉంటుందోనని, పని ఒప్పుకున్న రోజునుంచీ ఆత్రపడుతూనే ఉంది.

సాయంత్రానికి కుడి పక్కన ఉన్నవి కూడా చదవడం అయిపోయింది, తండా పేరు ఎక్కడా లేదు. రూప్లి చేతులు కడుక్కుంది. గోళ్ల సందుల్లో మట్టి వదల్లేదు.

"మేడమ్, నిండు సభ అంటే ఢిల్లీ సభే కావాల్నా? సారు ఖమ్మంల జిల్లా విద్యా సలహా సంఘంల గూడ ఉన్నరు గద. అక్కడ చెప్పిండ్రేమో."

ప్రమీలారాణి విసనకర్ర ఆపి ఆమెను చూసింది. "నాకు తట్టనే లేదు," అని వెంటనే ఉత్తరం రాయడానికి కూర్చుంది.

*

ఖమ్మంలో ఆ సంఘం కాగితాలు పాత కచేరీ వెనక, పెంకుల గదిలో ఉన్నాయి. కిటికీలోంచి మిర్చి యార్డు ఘాటు వస్తోంది. రికార్డులు చూసే పగిడయ్య ప్రమీలారాణి ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"ఏ సాలు కావాలమ్మా?"

"బడి గోడ మీద డెబ్బై మూడు అని ఉంది. అంతకు ముందు సాలు తియ్యండ్రి."

"కరువు సాలు," అంటూ ఆయన నిచ్చెన ఎక్కాడు. ఎర్ర బట్టలో కట్టిన దస్త్రాలు ఒక్కొక్కటే కిందికి అందించాడు. "ముడి ఎట్లుందో చూసుకొని విప్పు. మళ్ల గట్లనే కట్టాలె. నాకు కండ్లు సరిగ కనవడవు, అవి జారితే నా నెత్తిమీదనే పడ్తయి."

సమావేశాల తీర్మానాలు చేతిరాతలో ఉన్నాయి. రాసింది ఒకే మనిషి. అక్షరాలు గుండ్రంగా, పొందికగా ఉన్నాయి. సిరా మాత్రం పాలిపోయింది. టీచర్ల బదిలీలు, సుద్దముక్కల కొనుగోలు, కూలిన పైకప్పులు. రూప్లి పేజీలు తిప్పుతూ పోయింది. భోజనాల వేళ పగిడయ్య డబ్బా విప్పి, "తిను బిడ్డా," అన్నాడు. ఆమె తల ఊపింది గానీ లేవలేదు.

అప్పుడు కనిపించింది, తండా పేరు.

'తండాలలో పాఠశాలల నిర్మాణము. గౌరవ పార్లమెంటు సభ్యులు శ్రీ వెంకటరామారావుగారు ఇప్పలగుట్ట తండాను ఉదాహరించి మాట్లాడుచు, తండాలవారు స్థిరముగా ఒకచోట నుండరనియు, బడి కట్టించినచో అందులో పశువులను కట్టివేయుదురనియు, ఆ నిధిని పట్టణ ఉన్నత పాఠశాల ప్రహరీ గోడకు మళ్లించుట సమంజసమనియు సెలవిచ్చిరి. ఈ సమయమున ఒక లంబాడీ స్త్రీ సభలోనికి ప్రవేశించి అంతరాయము కలిగించినది. ఆమెను వెలుపలికి పంపిన పిమ్మట సభ కొనసాగినది. నిర్ణయము వచ్చే సమావేశమునకు వాయిదా వేయనైనది.'

రూప్లి వేలు పశువులన్న మాట దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి చదివింది. లేచి బయటికి వెళ్లి కుండలోని నీళ్లు ముఖం మీద చల్లుకుంది. వచ్చి మళ్లీ చదివింది. అదే ఉంది. ఆయన నిజంగానే నిండు సభలో తండా పేరు చెప్పాడు.

కాగితం తీసి ఉన్నదున్నట్టు ఎక్కించుకుంది. ఎండకు పెన్ను కక్కి వేళ్లకు సిరా అంటింది. మరుసటి సమావేశం కాగితాలు ఆ దస్త్రంలో లేవు.

"అది ఇంకో మూటల ఉంటది," అన్నాడు పగిడయ్య. "ఎల్లుండి రా, ఎతికి పెడ్త. గిప్పుడు నాకు తాళమేసే యాళ్లయింది."

ఆమె ముడి మునుపటిలాగే బిగించింది. అది రెండుసార్లు జారింది.

*

ఏన్కూరు దగ్గర బస్సు దిగి రూప్లి నడుస్తున్నట్టు కాక ఎవరో తరుముతున్నట్టు వచ్చింది. తండాలో ఇంటికి పోకుండా నేరుగా, అందరూ యాడి అని, అంటే అమ్మ అని పిలిచే ముసలి గోరి గుడిసె దగ్గరికి వెళ్లింది. ఆనాడు బడి అర్జీ కోసం ఖమ్మం పోయివచ్చిన ఆడవాళ్లలో ఇప్పుడు బతికున్నది గోరి ఒక్కతే.

గోరి చాప మీద ఎండిన ఇప్పపూలు చేరదీస్తోంది. పుల్లలు, మట్టి ఏరి పక్కన పడేస్తోంది. రూప్లి కాగితం విప్పి, తమ భాషలోకి మార్చి చదివి వినిపించింది. ముసలామె చేతులు ఆగలేదు.

"అది నేనే," అంది గోరి. "ఎవరో ఆడమనిషి అని రాసిండ్రా? పేరు అడిగితే చెప్పేదాన్ని గద."

"నువ్వెందుకు పోయినవు యాడీ లోపలికి?"

"నీళ్లకు. అర్జీ ఇచ్చినం, ఇయాల తేలుస్తరన్నరు. పొద్దుగాల్నుంచి గేటు కాడ కూసున్నం. మొగోళ్లు కదలకుండ్రి అన్నరు. నోరెండుతుంటే నేను కుండ ఎతుక్కుంట లోపలికి పోయిన. తలుపు సందుల మన తండా పేరు ఇనపడ్డది. నాకప్పుడు తెలుగు ఎంతొచ్చు? గొడ్లు అన్నది తెలిసింది. కట్టేస్తరు అన్నది తెలిసింది."

"ఏమన్నవు?"

గోరి ఒక పువ్వును వేళ్ల మధ్య నలిపి చూసి గంపలో వేసింది.

"కట్టడానికి గొడ్లు ఏడున్నయి సారూ, కరువుకు అన్నీ పాయె, పిల్లలే మిగిలిండ్రు అన్న. అంతే. ఒకాయన వచ్చి రెక్క పట్టుకొని బయటికి గుంజిండు. నీళ్లు గూడ తాగనియ్యలే."

రూప్లి కాగితం మోకాలి మీద పరిచింది. "ఈ మాట ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు నువ్వు."

"అందరికీ ఎరుకే. బడి వచ్చింది గద, ఇంకేం చెప్పాలె?" గోరి గంప పక్కకు జరిపింది. "ఆ సారు తండాకు వచ్చిండు తర్వాత. ఒక్కడే. నేను అబద్ధమాడిన్నేమో చూద్దామని కావొచ్చు. ఇంటింటి ఎనకకు పోయి కొట్టాలు చూసిండు. ఏముంది, ఉత్త గుంజలు. మా పిల్లలు ఆయనెంట పడ్డరు. మీకు ఆవులేమైనయి అని ఒక పోరిని అడిగిండు. అది చచ్చిపోయినయి అని నవ్వింది. ఆయన నవ్వలే. నీళ్లు అడిగితే ఇచ్చిన. తాగి పోయిండు."

గోరి సభలో అన్న మాటను రూప్లి రాసుకుంది. సారు తండాకు వచ్చి చూశాడన్న ఈ రెండోది రాయడానికి పెన్ను కదల్లేదు. కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది.

*

ప్రమీలారాణి కిటికీ దగ్గర నిలబడి చదివింది. చదివిన తర్వాత కాగితాన్ని తిప్పి వెనక ఏమైనా ఉందా అని చూసింది.

"నాన్నగారు ఇలా అనరు."

రూప్లి వేళ్లకంటిన సిరాను బొటనవేలితో రుద్దుకుంది.

"నీ చదువు మొదలైంది ఆయన తెచ్చిన బడిలోనే కదా?"

"అవ్ మేడమ్."

"మరి ఇది నాకెందుకు తెచ్చావు?"

"సారు సభల మాట్లాడింది తెమ్మన్నరు మీరు. మా తండా గురించి ఆయన మాట్లాడింది ఇదొక్కటే దొరికింది."

ప్రమీలారాణి కుర్చీలో కూర్చుంది. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. ఆమె కోప్పడుతుందని, పని మానిపిస్తుందని, జూన్ బడి మాట ఇక ఉండదని రూప్లి దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది తండ్రి పోయిన ఒక ఆడమనిషి. రూప్లి కాళ్లు మార్చి మార్చి నిలబడింది.

"నువ్వు తప్పు చదివావనను," అంది చివరికి ప్రమీలారాణి. "రేపు నేనూ వస్తా. నా కళ్లతో చూస్తే గాని ఒప్పుకోలేను."

మర్నాడు పగిడయ్య ఆమెను చూసి లేచి నిలబడి, తన స్టూలు తుడిచి వేశాడు. కొత్త మూట విప్పి ఉంచాడు. ప్రమీలారాణి ముందు పాత పేజీ చదివింది. పశువులన్న చోట ఆమె పెదవులు కదిలాయి. గుమ్మంలో నిలబడ్డ రూప్లి ఇక దాచుకోలేకపోయింది.

"మేడమ్, సారు తర్వాత తండాకు వచ్చిండ్రంట. కొట్టాలు ఉత్తగ ఉన్నది చూసిండ్రంట. గోరి యాడి చెప్పింది. నిన్న మీకు చెప్పాల్సింది, చెప్పలే."

ప్రమీలారాణి తలెత్తి చూసింది. గబగబా మరుసటి సమావేశం పేజీలు తిప్పింది. దొరికాక గట్టిగా చదివింది.

"'గౌరవ పార్లమెంటు సభ్యులు తమ పూర్వాభిప్రాయమును ఉపసంహరించుకొని, ఇప్పలగుట్ట తండాకు పాఠశాల మంజూరు చేయవలసినదని స్వయముగా ప్రతిపాదించిరి.' విన్నావా రూప్లీ? స్వయముగా. ఉపసంహరించుకొని అని రాయించుకున్నారు." ఆమె కళ్లు తడిశాయి. దాచుకోలేదు. "తప్పు అన్నానని నిండు సభలో ఒప్పుకున్నారు. ఎంతమంది ఒప్పుకుంటారు? రెండూ వేద్దాం. ఉన్నది ఉన్నట్టు. ఆ అంతరాయం దగ్గర కింద గోరి పేరు కూడా వేద్దాం. మీ తండాకు ఎంత గౌరవం."

రూప్లి తల ఊపింది. ఇదే కావాలని కదా వచ్చింది. గోరి పేరు అచ్చులో వస్తుంది. ఎవరూ ఉద్యోగం పీకేయలేదు. రాసుకోవడానికి కాగితం తీసి పేజీ తనవైపు తిప్పుకుంది. పై వాక్యం ఎక్కించింది. దాని కింద వాక్యం ఇంకా ఉంది.

'దీనితోపాటు అర్జీలు పెట్టుకొనిన బూరుగువాగు, కొత్తచెలక, జామ్లా తండాల పక్షమున ఎవరునూ మాట్లాడనందున, ఆ మూడింటికి ఉద్దేశించిన నిధి ప్రహరీ గోడకు మళ్లించుటకు ఏకగ్రీవముగా తీర్మానించనైనది.'

"మేడమ్, కింద ఇంకా ఉన్నది."

ప్రమీలారాణి వంగి చూసింది. "అది నాన్నగారి ప్రసంగం కాదుగా. తీర్మానం. పుస్తకానికి అక్కర్లేదు." ఆమె అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. ప్రెస్సుకు వెళ్లి పేజీలు పెంచమని చెప్పాలి.

రూప్లి ఆ వాక్యం కూడా రాసుకుంది.

*

రెండు రోజులు ఆమె ఇంట్లో కుదురుగా తినలేదు. పట్టణంలో ఆ ప్రహరీ గోడ కట్టారా, ఆ మూడు తండాల్లో తర్వాతైనా బడి పెట్టారా అని కనపడ్డవాళ్లనల్లా అడిగింది. ఎవరికీ తెలియదు. మూడో రోజు పొద్దున్నే బూరుగువాగు తండాకని భద్రాచలం వైపు వెళ్లే బస్సు ఎక్కింది. కొత్తగూడెం దాటాక బస్సులో తెలుగు తగ్గి కోయ మాట ఎక్కువైంది. రోడ్డుకు రెండు పక్కలా అడవి దగ్గరైంది. కండక్టరు చెప్పిన చోట దిగి, బండ్ల జాడ పట్టుకుని నడిచింది.

బూరుగువాగు తండాలో వేసవి పని బీడీలకు వాడే తునికాకు ఏరడం. ప్రతి ఇంటి ముందూ ఆకుల కుప్పలున్నాయి. మొదటి ఇంటి నీడలో తన ఈడు ఆడమనిషి ఒకతె కాళ్లు చాపుకుని ఆకులు దొంతర పెట్టి, నారతో బిగించి, కట్టను పక్కకు వేస్తోంది. వేళ్లు నల్లగా మరకలు కట్టాయి.

"ఎవరింటికి?" అంది ఆమె.

"ఎవరింటికీ కాదు. ఇప్పలగుట్ట నుంచి వచ్చిన. నా పేరు రూప్లి. ఈడ బడి ఎక్కడుంది?"

ఆమె నవ్వింది. నవ్వులో ఎగతాళి లేదు. "నా పేరు పూలి. బడి లేదు. మీ దగ్గర ఉందని ఇన్న. మా పిన్నిని మీ తండాకే ఇచ్చిండ్రు. ఆమె పిల్లలు ఉత్తరాలు రాస్తరు. ఈడ చదివేటోళ్లు లేక బస్సోళ్ల దగ్గరికి తీసుకపోయి చదివిచ్చుకుంటం."

"పిల్లలు?"

"ఆకుకు పోయిండ్రు. ఎండెక్కక ముందు రావాలె."

రూప్లి అరుగు అంచున కూర్చుంది. వచ్చేటప్పుడు ఏం చెప్పాలో బస్సులో చాలాసార్లు అనుకుంది. ఇప్పుడు అదేమీ చెప్పకుండా కాగితం తీసింది. మొదటినుంచి చదివింది. పశువుల మాట, గోరి మాట, సారు ఒప్పుకున్న మాట. చివరి వాక్యం దగ్గర నెమ్మదించింది. బూరుగువాగు అన్న చోట పూలి చేతులు ఆగాయి.

"మా తండా పేరుందా దాంట్ల?"

"ఉంది. ఇదిగో."

పూలి జరిగి వచ్చి ఆ అక్షరాలను చూసింది. ముట్టుకోబోయి, మరకల వేళ్లు చూసుకుని వెనక్కి తీసుకుంది.

"మా అయ్య అర్జీ పెట్టిండని మా అమ్మ చెప్పింది. మేం దాని సంగతి మర్చిపోయినం. ఎందుకు తీసేసిండ్రు?"

"మీ తరఫున ఎవరూ మాట్లాడలేదట. మా గోరి యాడి లోపలికి పోయి అడిగింది. మాకు ఇచ్చిండ్రు."

పూలి ఆలోచించింది. ఆమె ముఖంలో కోపం లేదు. లెక్క తేలనిదాన్ని తేల్చుకుంటున్నట్టు ఉంది.

"ఆ రోజు కూసుంటరని మీకెట్ల తెలిసింది?"

"ఎవరో చెప్పిండ్రంట."

"మాకెవరు చెప్పలే." పూలి ఒక ఆకు తీసుకుని దాని ముడతలు మోకాలి మీద సాపు చేసింది. "మనం చుట్టాలమే గద. పెండ్లికి పిలుచుకుంటం, చావుకు పిలుచుకుంటం. ఆనాడు మీరు పోయేటప్పుడు మాకో మాట చెప్పొచ్చు గద."

రూప్లి కాగితం మడిచింది. అప్పటికి తానింకా చిన్నపిల్లనని చెప్పవచ్చు. దాహం వేసి లోపలికి పోయిన మనిషికి దూరపు తండాల సంగతి ఎలా తెలుస్తుందని అడగవచ్చు. రెండు మాటలూ నోటిదాకా వచ్చాయి. పూలి ముందు అవి పలకలేకపోయింది. వైరాలో, ఖమ్మంలో, గోరి గుడిసె ముందు, ఇన్ని రోజులూ అన్యాయం తన తండాకే జరిగిందనుకుంటూ తిరిగింది.

దూరంగా పిల్లల మాటలు వినిపించాయి. చెట్ల మధ్యనుంచి నెత్తిమీద మూటలతో ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. పూలి వాళ్లకు కుండలో నీళ్లు ఉన్నాయో లేవో వంగి చూసి వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు కూసుంటరా ఆళ్లు? ఆ మీటింగోళ్లు?"

"కూసుంటరు. ఎప్పుడో తెల్వదు. ఖమ్మం పోయి తెలుసుకుంట."

పూలి నారను పళ్లతో పట్టుకుని కట్టను బిగించింది. ముడి పడ్డాక నార వదిలి, రూప్లి వైపు చూసింది.

"తెలుసుకొని నువ్వొక్కదానివే పోకు," అంది. "ముందు మాకు చెప్పు."